ఆటా, శాంతీ, మధ్యలో గ్రాంటూ

పోయిన సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, ఆటల ద్వారా శాంతి అనే అంశం మీద పరిశోధనకు డబ్బు దొరకడం కష్టమే గానీ దొరక్కపోవడం ఉండదని ఒక్క ముక్క రాశాను. ఆ ఒక్క ముక్కకి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఎప్పుడూ రాలేదు. అందుకని ఈసారి మొత్తం దానికే కేటాయిస్తున్నాను. నా సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు: చదువుకునే రోజుల్లో వాలీబాల్ ఆడాను. తర్వాత గొడవలు పడ్డ ఊళ్ల మధ్య జరిగే ఆటల మీద పరిశోధన చేశాను. ఆ తర్వాత పన్నెండేళ్లు ఇతరుల ప్రపోజల్స్ చదివి మార్కులేసే కమిటీల్లో కూర్చున్నాను. కాదనిపించుకోవడమూ తెలుసు, కాదనడమూ తెలుసు.

ప్రశ్న: మేడం, పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. అంతర్యుద్ధం ముగిసిన చోట ఫుట్‌బాల్ కార్యక్రమాలు రెండు వర్గాల కుర్రాళ్లను నిజంగా దగ్గర చేస్తున్నాయా అన్నది నా అంశం. స్పోర్ట్స్ సైన్స్ వాళ్లు "ఇది పొలిటికల్ సైన్స్ కదా" అంటున్నారు. పొలిటికల్ సైన్స్ వాళ్లు "ఆటల విభాగంలో అడగండి" అంటున్నారు. మా గైడు గారేమో అంశం మార్చుకోమని మెల్లగా సూచిస్తున్నారు. మార్చుకోవాలా? – ఒక పరిశోధక విద్యార్థిని

మార్చాల్సింది అంశాన్ని కాదు తల్లీ, తట్టే తలుపుని.

నాకూ అచ్చం ఇదే జరిగింది. నా మొదటి ప్రపోజల్ రెండు చోట్లకు పంపాను. ఒక చోట నుంచి "ఇందులో క్రీడాశాస్త్రం లేదు" అని ఒక లైను వచ్చింది. ఇంకో చోట నుంచి "సంఘర్షణ అధ్యయనంలో ఆటలది ప్రధాన స్థానం కాదు" అని ఇంకో లైను. రెండు కాగితాలకీ కలిపి ఒకటే పిన్ను కొట్టి చాలా ఏళ్లు బీరువాలో ఉంచుకున్నాను, కోపం చల్లారకుండా ఉండటానికి. తర్వాత నేనే కమిటీలో కూర్చున్నాక ఒకరోజు ఆ పాత ప్రపోజల్ తీసి చదివాను. మూడో పేరా దాటలేకపోయాను. మొదటి పేజీ అంతా ఆట గొప్పతనమే. ఆట అందరినీ కలుపుతుంది, ఆటకు భాష లేదు, సరిహద్దు లేదు... ఇంతా తెలిసినావిడకి ఇంకా పరిశోధన ఎందుకు, డబ్బెందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. జవాబు ముందే రాసేసి ప్రశ్నకు డబ్బడిగాను.

నీ ఉత్తరంలో ఉన్న "నిజంగా" అన్న మాట నాకు నచ్చింది. దాన్ని ప్రపోజల్‌లో పోగొట్టుకోకు. చూడబోతే నీది ఆట గురించిన ప్రశ్న కాదు. పగలు పెంచుకున్న మనుషులు ఎలాంటి పరిస్థితుల్లో దగ్గరవుతారన్న ప్రశ్న. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి నాలుగు షరతులు చెప్పాడు. ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఇద్దరిదీ ఒకటే లక్ష్యం కావాలి, దానికోసం కలిసి పనిచేయాలి, పైనున్న పెద్దల మద్దతు ఉండాలి. మామూలు జీవితంలో ఈ నాలుగూ ఒకచోట దొరకడం గగనం. ఒకే జట్టులో పదకొండు మందిని కలిపితే నాలుగూ దాదాపు వచ్చేస్తాయి. ఫుట్‌బాల్ మైదానం నీకు ప్రయోగశాల అన్నమాట. ఇలా మొదలుపెడితే చదివేవాడు ఆటలవాడా, రాజకీయాలవాడా అన్నది పెద్దగా పట్టింపు ఉండదు.

ఇక తలుపుల సంగతి. హింస ఎందుకు పుడుతుంది, ఎలా తగ్గుతుంది అనేదాని మీద పరిశోధనకు హ్యారీ ఫ్రాంక్ గుగ్గెన్‌హైమ్ ఫౌండేషన్ డబ్బిస్తుంది. థీసిస్ రాసే చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు 25,000 డాలర్ల ఫెలోషిప్ ఉంది. ఏ దేశం వాళ్లయినా పెట్టుకోవచ్చు. కాకపోతే అది రాసుకోవడానికి, తిరగడానికి కాదు. కాబట్టి అది ఇప్పటి మాట కాదు, ఇంకో రెండేళ్ల తర్వాతది. తిరగడానికి కావాలంటే నీ పద్ధతేమిటో ముందు తేల్చుకోవాలి. ఆ కుర్రాళ్ల మధ్యే నెలల తరబడి ఉండి గమనిస్తానంటావా, వెన్నర్-గ్రెన్ ఫౌండేషన్ ఉంది. ఆంత్రపాలజీ పరిశోధకులకు ఫీల్డ్‌వర్క్ గ్రాంటు ఇస్తుంది, అక్కడా దేశం పట్టింపు లేదు. అలా కాకుండా లాటరీ తీసి జట్లు వేసి, ముందూ వెనకా సర్వే చేసి లెక్క తేలుస్తానంటావా, ఇన్నోవేషన్స్ ఫర్ పావర్టీ యాక్షన్ సంస్థకు 2017 నుంచీ "పీస్ అండ్ రికవరీ" అనే కార్యక్రమం ఉంది. పూర్తి అధ్యయనానికే కాదు, ముందు చిన్నగా చేసి చూసే పైలట్ అధ్యయనానికీ, ముందస్తు పరిశీలనకీ కూడా ఇస్తారు. నీలాంటి వాళ్లు పైలట్‌తో మొదలుపెట్టడమే నయం.

ఆటల వైపు నుంచి వచ్చే డబ్బూ ఉంది. స్విట్జర్లాండ్‌లో లోజాన్ నగరంలోని ఒలింపిక్ స్టడీస్ సెంటర్ పీహెచ్‌డీ విద్యార్థులకూ, కొత్త అధ్యాపకులకూ ఏటా పరిశోధన గ్రాంట్లు ఇస్తుంది. అయితే అంశం ఒలింపిక్ ఉద్యమంతో ముడిపడాలి. ఊరి చివర కుర్రాళ్ల ఫుట్‌బాల్‌ని బలవంతంగా ఒలింపిక్స్‌కి అంటగడితే ఇట్టే పట్టేస్తారు. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏకి కూడా గ్రాంట్ల కార్యక్రమం ఉంది. దానికి అక్కడి ఏదో ఒక జాతీయ ఫుట్‌బాల్ సంఘం నీతో కలిసి రావాలి. నీ ఫీల్డ్ బాల్కన్ దేశాల్లో అయితే ఆలోచించు, లేకపోతే వదిలేయ్. తేదీలూ నియమాలూ ఏటా మారుతుంటాయి గనక ఆయా సంస్థల ప్రకటనలోనే చూసుకో, నా మాట మీద ఉండకు.

గైడు గారితో పేచీ పడొద్దు. కొత్త మొదటి పేజీ రాసి చూపించు. ఆయనకు భయం అంశం మీద కాదు, నీకు డబ్బు రాక నాలుగో ఏట ఆగిపోతావేమోనని.

ప్రశ్న: రోటరీ పీస్ ఫెలోషిప్‌తో ఈ అంశం మీద పీహెచ్‌డీ చేయొచ్చా? – ఒక డిగ్రీ విద్యార్థి

చేయలేరు. అది మాస్టర్స్ చదువుకూ, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు చేసే సర్టిఫికెట్ కోర్సుకూ ఇచ్చేది. పైగా చేరేనాటికి పని అనుభవం కూడా ఉండాలి. శాంతి అధ్యయనాల్లో మాస్టర్స్ చేయాలనుకుంటే మాత్రం చాలా మంచి దారి.

ప్రశ్న: మీరేమీ అనుకోకపోతే ఒక మాట. ఆటల వల్ల శాంతి రావడం ఏమిటండీ? 1969లో ఫుట్‌బాల్ మ్యాచుల తర్వాత ఎల్ సాల్వడార్, హోండురస్ దేశాలు యుద్ధమే చేసుకున్నాయి. 1990లో జాగ్రెబ్‌లో మ్యాచ్ దగ్గరే తలలు పగిలాయి. ఇలాంటి దానికి పరిశోధన పేరుతో డబ్బు తగలేయడం అవసరమా? – ఒక రిటైర్డ్ టీచర్

మాస్టారూ, అనుకోవడానికేముంది, ఇలాంటి ఉత్తరం రాకపోతే నేనే ఒకటి రాసుకునేదాన్ని.

ముందు మీ రెండు ఉదాహరణలు చూద్దాం. 1969 యుద్ధం నాలుగు రోజులు సాగింది. ప్రపంచ కప్ అర్హత మ్యాచులప్పుడు గొడవలు జరిగిన మాట నిజం. కానీ అప్పటికే ఎల్ సాల్వడార్ నుంచి లక్షల మంది రైతులు బతుకుతెరువు కోసం హోండురస్‌లో స్థిరపడి ఉన్నారు. భూసంస్కరణల పేరుతో హోండురస్ వాళ్లను వెళ్లగొట్టడం మొదలుపెట్టింది. ఎండుగడ్డి ముందే ఉంది, మ్యాచ్ అగ్గిపుల్ల అయింది. జాగ్రెబ్‌లోనూ అంతే. 1990 మే 13న క్రొయేషియా జట్టు డైనమో, సెర్బియా జట్టు రెడ్ స్టార్ అభిమానులు కొట్టుకున్నారు, మ్యాచ్ ఆగిపోయింది. దానికి కొద్ది రోజుల ముందే, అప్పటికి యుగోస్లావియాలో భాగమైన క్రొయేషియాలో స్వాతంత్ర్యం కోరే పార్టీ ఎన్నికల్లో గెలిచింది. యుగోస్లావియాను ముక్కలు చేసిన యుద్ధం ఆ స్టేడియంలోనే మొదలైందని అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలా చెప్పుకోవడం వాళ్లకు ఇష్టం కూడా.

అయితే మీ అనుమానంలో అసలు విషయం ఉంది. ఆట కొన్నిసార్లు మనుషుల్ని కలుపుతుంది, కొన్నిసార్లు కొట్టిస్తుంది. ఎప్పుడు ఏది జరుగుతుందో తెలియకుండా బంతులు పంచిపెట్టడమే డబ్బు తగలేయడం. మాట్ లోవ్ అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో 1,261 మంది యువకులతో చేసిన అధ్యయనం 2021లో అచ్చయింది. వేర్వేరు కులాల కుర్రాళ్లతో నెల రోజుల క్రికెట్ లీగులు ఆడించారు. ఎవరు ఎవరి జట్టులో ఉండాలో, ఎవరితో తలపడాలో లాటరీ తేల్చింది. ఒకే జట్టులో ఉన్నవాళ్ల మధ్య కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదురు జట్టులో తలపడిన చోట ఫలితం ఉల్టా వచ్చింది. అదే క్రికెట్, అదే మైదానం, అవే కులాలు. తేడా ఎక్కడంటే, బంతి వేస్తున్నది మనవాడా, మన మీదికి వేస్తున్నవాడా అన్న దగ్గర. చాలా సంస్థలు ఒక ఊరి జట్టుకీ ఇంకో ఊరి జట్టుకీ మ్యాచ్ పెట్టి దానికి "శాంతి కప్పు" అని పేరు పెడుతుంటాయి. ఈ అధ్యయనం చదివాక ఆ కప్పులను చూస్తే నాకు కాస్త గుబులు.

ఆఫ్రికా దేశాల గురించి 2020లో వచ్చిన ఇంకో అధ్యయనం మీకు నచ్చొచ్చు. జాతీయ జట్టు గెలిచిన వెంటనే అడిగితే, తమ తెగ కన్నా దేశం ముఖ్యమని చెప్పేవాళ్లు పెరిగారు. ఆఫ్రికా కప్‌కి అతి కష్టం మీద అర్హత సాధించిన దేశాల్లో తర్వాతి ఆరు నెలలు ఘర్షణలు తగ్గాయి కూడా. చివరి నిమిషంలో చేజార్చుకున్న దేశాలతో పోల్చి ఈ మాట తేల్చారు. ఇది తేల్చడానికి ఎవరూ మైదానం కట్టలేదు, బంతి కొనలేదు. ఉన్న సర్వేలనూ, ఉన్న స్కోర్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. అంటే ఈ అంశంలో ప్రతి పరిశోధనకూ పెద్ద ఖర్చు ఉండాలనేం లేదు, మీరు నిశ్చింతగా ఉండండి.

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా మా చిన్న సంస్థ రెండు వర్గాల పిల్లలను కలిపి ఆడిస్తోంది. "మీ పని ఫలిస్తోందని రుజువు చూపిస్తేనే మళ్లీ డబ్బిస్తాం" అని దాతలు అంటున్నారు. ఏదైనా యూనివర్సిటీతో పరిశోధన చేయిస్తే గ్రాంటు వస్తుందా? వస్తే మాకేమైనా మిగులుతుందా? – ఒక కోచ్

మీ రెండో ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. సూటిగా అడిగారు గనక ముందు దానికే చెబుతాను. పరిశోధన గ్రాంటు యూనివర్సిటీ ఖాతాలో పడుతుంది, మీ ఖాతాలో కాదు. మీ కోచ్‌లు సర్వే ఫారాలు నింపించడానికి పెట్టే సమయం, మైదానం అద్దె, అదనంగా ఆడించే మ్యాచుల ఖర్చు, ఇవన్నీ ప్రపోజల్ రాసేటప్పుడే మీ పేరు మీద విడిగా ఒక భాగంగా చూపించమనండి. తర్వాత అడిగితే "బడ్జెట్‌లో లేదు" అంటారు. అది వాళ్ల దుర్మార్గం కాదు, నిజంగానే ఉండదు. ఇంకో సంగతి. యూనివర్సిటీ తన నిర్వహణ ఖర్చుల కింద కొంత పట్టుకుంటుంది. యూరోపియన్ యూనియన్ పరిశోధనలకిచ్చే హొరైజన్ గ్రాంట్లలో ఇది పరిశోధనకు నేరుగా అయ్యే ఖర్చుల మీద 25 శాతం. వెన్నర్-గ్రెన్ లాంటివి ఆ పద్దుకి పైసా ఇవ్వవు. ఏ గ్రాంటులో ఎంతో ముందే అడగండి.

ఇప్పుడు రుజువు. మీ దగ్గర ఎనిమిదేళ్ల ఫొటోలు ఉండే ఉంటాయి. రెండు వర్గాల పిల్లలు భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్నవి. వాటిని చూపిస్తే కమిటీలో ఒక్కరూ మెచ్చరు, ఎందుకంటే ప్రతి ఫైల్లోనూ అదే ఫొటో ఉంటుంది. నేను కమిటీలో ఉన్నప్పుడు అవి పక్కన పెట్టి హాజరు పట్టీలు వెతికేదాన్ని. ఎవరు వచ్చారు, ఎవరు మానేశారు, ఏ నెలలో మానేశారు, మానేసినవాళ్లలో ఏ వర్గం వాళ్లెక్కువ. ఎనిమిదేళ్ల పట్టీలు చెదలు పట్టకుండా ఉంటే మీ దగ్గర ఉన్నది బంగారం. రేపు యూనివర్సిటీ వాళ్లు వస్తే ముందు టీ కాదు, అవి బల్ల మీద పెట్టండి.

రుజువంటే పోల్చి చూడటం. చేరిన పిల్లలు మారారు సరే, చేరనివాళ్లు మారలేదని ఎలా తెలుసు? దీనికో మర్యాదైన మార్గముంది. వచ్చే సీజన్‌కి మీ దగ్గర ఉన్న చోటు కన్నా ఎక్కువమంది పేరిస్తే, ఇప్పుడు ఎవరు, తర్వాతి సీజన్‌లో ఎవరు అన్నది లాటరీ వేయండి. ఎవరికీ లేదనకుండానే పోల్చడానికి ఒక గుంపు దొరుకుతుంది.

ఇరాక్‌లో సల్మా మూసా ఇలాంటిదే చేశారు, 2020లో అచ్చయింది. ఐసిస్ దాడులతో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న క్రైస్తవుల ఫుట్‌బాల్ జట్లు తీసుకున్నారు. లాటరీ వేసి కొన్ని జట్లలో ముస్లిం ఆటగాళ్లను కలిపారు, కొన్నిట్లో ఇంకొంతమంది క్రైస్తవులనే కలిపారు. కలిసి ఆడినవాళ్లు తర్వాతి సీజన్‌లో కూడా మిశ్రమ జట్టులోనే పేరిచ్చారు, ఎదుటి జట్టులోని ముస్లింకి క్రీడాస్ఫూర్తి బహుమతికి ఓటేశారు, లీగు ముగిసిన ఆరు నెలలకూ ముస్లింలతో కలిసి ప్రాక్టీసు చేస్తూనే ఉన్నారు. అయితే మైదానం దాటాక? ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్‌లో హోటల్‌కి వెళ్లడం, రెండు వర్గాలూ వచ్చే వేడుకకు వెళ్లడం లాంటివాటిలో అంత మార్పు కనిపించలేదు. తెలిసిన ముస్లిం మీద నమ్మకం కలిగింది, తెలియని ముస్లిం దాకా అది పాకలేదు.

మీ దాతలకు ఇది చెప్పండి. సగం ఫలించిందని చెప్పే పరిశోధనే పేరున్న పత్రికలో వచ్చింది, పూర్తిగా ఫలించిందని ఊదరగొట్టేది కాదు.

ఇంకొకటి. "మా కార్యక్రమం పనిచేస్తుందా" అనే పెద్ద ప్రశ్న కన్నా, మీరు పెట్టుకున్న ఒక చిన్న నియమాన్ని పట్టుకోండి. 1994లో కొలంబియా ఆటగాడు ఆంద్రేస్ ఎస్కోబార్‌ని మెడెయిన్‌లో కాల్చి చంపాక అక్కడ శాంతి కోసం ఫుట్‌బాల్ మొదలుపెట్టినవాళ్లు రెండు నియమాలు పెట్టారు. రెఫరీ ఉండడు, తగాదా వస్తే ఆటగాళ్లే తేల్చుకోవాలి. మొదటి గోల్ అమ్మాయే కొట్టాలి. తుపాకులు పట్టుకు తిరిగే కుర్రాళ్లు, గోల్ కావాలంటే ముందు అమ్మాయికి బంతి ఇవ్వక తప్పని పరిస్థితి! ఆ నియమం తీసేస్తే ఏమవుతుంది, ఉంచితే ఏమవుతుంది అన్నది ఒక పీహెచ్‌డీకి సరిపోయే ప్రశ్న. మీకూ అలాంటి నియమం ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దాని మీదే అడగండి.

ప్రశ్న: మూడుసార్లు రిజెక్ట్ అయింది. నాలుగోసారి పంపాలంటేనే టెన్షన్. – పేరు వద్దు

మూడుసార్లూ రివ్యూయర్లు చెప్పింది ఒకటేనా, వేర్వేరా? ఒకటే అయితే దిద్దండి. వేర్వేరు అయితే మీ ప్రపోజల్లో తప్పు లేదు, అదృష్టమే బాలేదు. మళ్లీ పంపండి.

ప్రశ్న: క్రీడా సమాఖ్యల డబ్బుతో పరిశోధన చేస్తే స్వతంత్రంగా రాయగలమా? మా విభాగంలో దీని మీద పెద్ద వాదనే నడుస్తోంది. – ఒక లెక్చరర్

రాయొచ్చు, ఒప్పందం మీద సంతకం పెట్టేముందు చదివితే.

నేను చదవలేదు. ఓ క్రీడా సంస్థ డబ్బిచ్చింది, పేరెందుకు లెండి. మర్యాదస్తులే, మొదటి విడత డబ్బు చెప్పిన తేదీకే వచ్చింది. చివర్లో నా రిపోర్టులో, పెద్ద టోర్నమెంట్ల రోజుల్లో పిల్లల మధ్య మాటలు తగ్గిపోయాయని ఒక అధ్యాయం ఉంది. "పరిశీలిస్తున్నాం" అన్నారు. పద్నాలుగు నెలలు పరిశీలించారు. ఒప్పందం తీసి చూస్తే, వాళ్ల లిఖితపూర్వక అంగీకారం లేనిదే ప్రచురించరాదని ఏడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. వాళ్ల వార్షిక నివేదికలో మాత్రం నా ఫీల్డ్ ఫొటో ఒకటి రంగుల్లో వేశారు.

అప్పటి నుంచీ అడిగినవాళ్లకల్లా చెప్పేదొకటే. డబ్బిచ్చినవాళ్లకు మీ రాతప్రతి ముందుగా చూసే హక్కు ఇవ్వండి, తప్పులుంటే చెప్పే హక్కూ ఇవ్వండి, దానికి ముప్పై రోజులు గడువు పెట్టండి. ఆపే హక్కు మాత్రం ఇవ్వొద్దు. సేకరించిన సమాచారం ఎవరిదో కూడా ఒప్పందంలో ఉండాలి. పిల్లల పేర్లు, వర్గాలు ఉన్న జాబితా డబ్బిచ్చినవాళ్ల చేతికి పోయే పరిస్థితి ఉంటే ఎథిక్స్ కమిటీ అక్కడే ఆపేస్తుంది, ఆపాలి కూడా.

ఈ రంగంలో ఎవరి నీడ మీదా పూర్తిగా ఆధారపడటానికి లేదు. 2001లో ఐక్యరాజ్యసమితి శాంతీ అభివృద్ధీ కోసం ఆటల కార్యాలయం ఒకటి పెట్టింది. 2005ని క్రీడల సంవత్సరమంది. 1896లో ఆధునిక ఒలింపిక్స్ మొదలైన తేదీ అని ఏప్రిల్ 6ని 2014 నుంచీ ఏటా శాంతీ అభివృద్ధీ కోసం ఆటల దినంగా జరుపుతోంది. 2017లో ఆ కార్యాలయాన్నే మూసేసింది. దాన్ని భాగస్వామిగా చూపించి ప్రపోజల్స్ రాసుకున్నవాళ్లు నాకు తెలుసు. రోజు మిగిలింది, ఆఫీసు పోయింది.

ప్రశ్న: మా ప్రపోజల్‌కి మార్కులు బాగానే వచ్చాయి గానీ "బడ్జెట్ వాస్తవికంగా లేదు" అని వెనక్కి పంపారు. తగ్గించాలో పెంచాలో కూడా చెప్పలేదు. ఏం చేయాలి? – ఒక పరిశోధకుడు

మీరు జతచేసిన కాగితం చూశాను. రెండు లాప్‌టాప్‌లు, ఒక వీడియో కెమెరా, రెండు అంతర్జాతీయ సదస్సులు, ఆరు నెలల ఫీల్డ్‌వర్క్. దుబాసీ లేడు. రెండు భాషలు మాట్లాడే రెండు వర్గాల మీద పరిశోధన, ప్రశ్నలడిగేది మాత్రం ఒక భాష వచ్చిన ఒక్క మనిషి! ఒక వర్గం మనిషి అడిగితే రెండో వర్గం పిల్లాడు అంతా బాగుందనే చెబుతాడు. ఇద్దరు అడిగేవాళ్లు కావాలి, వర్గానికి ఒకరు. కెమెరా తీసేసి ఆ డబ్బు వాళ్లకివ్వండి. కెమెరా చూస్తే పిల్లలు ఎలాగూ నటిస్తారు. ఒక సదస్సు కూడా తీసేయండి.

రాకపోకల ఖర్చు తక్కువ వేశారు. దీని మీద నాకు కాస్త చాదస్తం ఉంది, చెప్పనివ్వండి.

నేను చూసిన అమ్మాయిల వాలీబాల్ లీగులో రెండు వర్గాల వాళ్లనూ ఒకే బస్సులో మైదానానికి తీసుకెళ్లేవాళ్లు. ముప్పై రెండు సీట్ల బస్సు. మొదటి రోజు డ్రైవర్ వైపు వరసంతా ఒక వర్గం, తలుపు వైపు వరసంతా ఇంకో వర్గం, మధ్యలో నడిచే దారి నెట్టులా ఉంది. మైదానంలో ఆట చూడటానికి వెళ్లిన నేను, వెనక సీట్లో కూర్చుని బస్సే చూడటం మొదలుపెట్టాను. నోట్‌బుక్‌లో ముప్పై రెండు గళ్లు గీసుకుని, నీలం పెన్సిల్‌తో ఒక వర్గం, ఎర్ర పెన్సిల్‌తో ఇంకో వర్గం. పోయేటప్పుడు ఒక పేజీ, వచ్చేటప్పుడు ఒక పేజీ.

మూడో వారంలో మొదటిసారి నీలం గళ్ల మధ్య ఒక ఎర్ర గడి వచ్చింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. తీరా చూస్తే ఆ పిల్లకు ప్రయాణంలో వాంతులు, కిటికీ పక్క ముందు సీటు కావాలి, అది అటువైపే ఖాళీగా ఉంది. సిద్ధాంతం గిద్ధాంతం ఏమీ లేదు. కానీ పక్కనున్న అమ్మాయి ఆ పిల్లకి తన నీళ్ల సీసా ఇచ్చింది. తర్వాతి వారం ఒంట్లో బాగానే ఉన్నా ఆ పిల్ల అక్కడే కూర్చుంది. సీజన్ చివరికి గళ్లన్నీ కలగాపులగం. అది కూడా వచ్చేటప్పటి పేజీల్లోనే ఎక్కువ, పోయేటప్పుడు ఇంకా విడివిడిగానే ఎక్కేవాళ్లు. ఎందుకంటే ఎక్కే చోట వాళ్ల వాళ్ల పెద్దలు నిలబడి చూసేవాళ్లు.

లీగు అయిపోయింది. బస్సు ఒప్పందం అయిపోయింది. అదే వారం నా గ్రాంటూ అయిపోయింది. ఆ అమ్మాయిల్లో ఎవరైనా బస్సు లేకుండా ఒకరి వీధికి ఒకరు వెళ్లారా అన్నదే నేను తెలుసుకోవాలనుకున్నది. ఏడాది తర్వాత ఓ పది రోజులు అక్కడికి వెళ్లి ఇల్లిల్లూ తిరిగితే తెలిసేది. ఆ పది రోజులు నేను బడ్జెట్‌లో రాయలేదు. లాప్‌టాప్ రాశాను.

మీ ఆరు నెలల ఫీల్డ్‌వర్క్‌ని అయిదు చేయండి. మిగిలిన నెలను రెండుగా విడగొట్టి, ఆటలు ముగిసిన ఆరు నెలలకు పదిహేను రోజులు, ఏడాదికి పదిహేను రోజులు పెట్టండి. ఆ లోపు కుటుంబాలు మారిపోతాయి గనక వాళ్ల ఆచూకీ తీయడానికి స్థానికంగా ఒక మనిషి జీతం కలపండి. గ్రాంటు కాలం చాలకపోతే, ఖర్చు పెంచకుండా గడువు మాత్రం పొడిగించమని మొదట్లోనే అడగండి, చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. మొత్తం మీద మీ అంకె పెద్దగా పెరగదు. మార్చిన కాగితం పంపేముందు నాకు ఒకసారి చూపించండి. దుబాసీల లైను ఉందో లేదో ముందు అదే చూస్తాను.